తూము రాయి

మా ఊరు నర్సంపేటకు దగ్గర. ఊరి చెరువు కింద పొలాలున్న రైతులకూ, అదే చెరువులో చేపలు పట్టి బతికే ముదిరాజ్ కుటుంబాలకూ ప్రతి యాసంగిలో తగాదా తప్పేది కాదు. వరి పొట్టకొచ్చే వేళకు రైతులు తూము తెరవాలనేవారు. నీళ్లు తగ్గితే ఎండలకు చేప చస్తుందని వాళ్లు మూయాలనేవారు. మా బాపు రైతుల పక్షాన నిలిచాడు. ఆయన బాల్యస్నేహితుడు, నేను కాకా అని పిలిచే పెద్దమనిషి, చేపల సొసైటీ తరఫున మాట్లాడేవాడు. ఒక ఏడాది ఆ ఇద్దరూ మూడు నెలలు ఎదురుపడినా పలకరించుకోలేదు. వాకిట్లో కాక కూర్చునే మంచం ఖాళీగా ఉండడం చూస్తే నాకు ఎంతో బాధ కలిగేది.

ఈ ప్రాంతపు చెరువులు ఒక్కరి కోసం కట్టినవి కావు. పై చెరువు నిండి మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరేలా కాకతీయుల కాలంలోనే గొలుసుకట్టుగా కట్టించారు. గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు నేటికీ పొలాలను తడుపుతోంది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీసినప్పుడు నల్లమట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, చెరువు లోతు పెరిగి చేపకు ఆసరా దొరికింది. ఒకే పనితో ఇరువైపులా మేలు జరిగినా పంచాయితీలో ఎవ్వరూ ఆ మాట ఎత్తకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చివరకు చెరువు నీళ్లను పొలాలకు పంచే మా నీరటి ఒక సాయంత్రం ఇద్దరినీ కట్ట మీదికి పిలిచాడు. తప్పెవరిదో ఆయన అడగలేదు. "అన్నా, ఎంత నీళ్లుంటె చేప బతుకుతది?" అని కాకను అడిగాడు. కాక ధోవతి ఎగగట్టి నడుములోతు నీళ్లలోకి దిగి, తూము దగ్గర నీటి అడుగున ఉన్న ఒక రాయిని చేత్తో తడిమి, "గిది మునిగి ఉంటె చాలు" అన్నాడు. "పటేలా, నీకెన్ని తడులు కావాలె?" అని అడిగితే బాపు వేళ్ల మీద లెక్కపెట్టి "నాలుగు" అన్నాడు. మూడు నెలల వాదనలో ఆ రాయి గురించి గానీ, ఆ నాలుగు తడుల గురించి గానీ ఒక్కసారీ మాట రాలేదు. తెరవాలె, మూయాలె అన్నవే వినిపించాయి.

కొసపొలాలకు ముందు పారించి, రాత్రిపూట మాత్రమే తూము తెరిచి, నీరు ఆ రాయి దాకా దిగగానే మూయాలని ఒప్పుకున్నారు. ఆ ఏడాది కొసన ఉన్న ఇద్దరు రైతులకు చివరి తడి అందలేదు, వాళ్ల కోపం న్యాయమైనదే. వ్యవసాయమే ముందని బాపు నేటికీ అంటాడు. కాక నేటికీ ఒప్పుకోడు.

ఏటా ఎండాకాలం చేపలు పట్టడం అయిపోయి చెరువు అడుగంటాక ఆ రాయి బయటపడుతుంది. దాని మీద వెలిసిపోయిన ఎర్రగీతను మళ్లీ దిద్దడానికి ఇద్దరూ వెళతారు. బాపు రంగు డబ్బా పట్టుకుంటాడు, కాక గీత గీస్తాడు.