చిలుము పట్టిన ఎర్త్, తాలు నిండిన రేడియేటర్

మొదటి ఆదివారం

అంతర్వేది వైపు రొయ్యల చెరువులకు ఏళ్ల తరబడి ఐసు పెట్టెలు మోసిన పాత డీజిల్ పికప్ ఇది. కొని మూడు వారాలైంది. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి లేపే మోటారు) మూలుగుతుంది తప్ప తిరగదు. మెకానిక్ మూత కూడా ఎత్తకుండా "బ్యాటరీ పోయిందండీ" అన్నాడు. నేనూ పరీక్షించకుండానే కొత్తది కొన్నాను. మర్నాడు మళ్లీ అదే మూలుగు. ఆ డబ్బు నా తొందరకు జరిమానా అనుకుని మల్టీమీటర్ బయటికి తీశాను.

ఇంజిన్ ఆపి ఉండగా 12.6 వోల్టులు, నడుస్తుండగా 14.2. బ్యాటరీ మంచిదే, ఆల్టర్నేటర్ మంచిదే. ఇక అనుమానం తీగల మీదే. డీజిల్ పంపు దగ్గర స్టాప్ సోలెనాయిడ్ (డీజిల్‌ను ఆపే విద్యుత్ మీట) తీగ ఊడదీస్తే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. అలా చేసి, మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, రెండోదాన్ని ఇంజిన్ దిమ్మ మీద గీకిన చోట ఆనించి, మా బావను తాళం తిప్పమన్నాను. 1.9 వోల్టులు దారిలోనే పోతున్నాయి! అక్కడ 0.2 దాటకూడదు. ప్లస్ వైపు చూస్తే 0.3, దానికి ఫరవాలేదు.

కిందికి దూరి చూస్తే చాసిస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ (కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే రాగి అల్లిక) పచ్చగా చిలుము పట్టి ఉంది. పెట్టెల్లోంచి కారిన ఉప్పునీళ్ల పని. "చింతపండు పెట్టి తోమకూడదా?" అంది అమ్మ. ఇత్తడి బిందెకైతే సరే. ఇక్కడ చిలుము అల్లిన రాగి పోగుల లోపలికి పాకింది, పులుపు అందులో చేరితే మిగిలింది కూడా తినేస్తుంది. కొసలను ఎమరీ కాగితంతో రుద్దితే 0.8కి దిగి అక్కడే ఆగింది. చివరికి 35 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్ ముక్కకు కొసలకు రెండు రాగి లగ్గులు (బోల్టు దూర్చే కన్నాలున్న బిళ్లలు) నొక్కించి, చాసిస్ మీద రంగు గీకి, బిగించి, పైన గ్రీజు పూశాను. ఇప్పుడు 0.15. సెల్ఫ్ గిర్రున తిరిగింది. లైట్లు వేయగానే వేడి ముల్లు పైకి ఎగబాకే జబ్బు కూడా దాంతోనే పోయింది.

రెండో ఆదివారం

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, అయినా రాత్రంతా ఆగితే పొద్దున ఇంజిన్ ఓ పట్టాన అందుకోదు. డీజిల్ ఎక్కించే చిన్న హ్యాండ్ పంపు కొడితే వెంటనే అందుకుంటుంది. అంటే గొట్టంలో గాలి చేరుతోంది. కింద చుక్క డీజిల్ లేదు మరి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది పీల్చే వైపు, అక్కడ పగులుంటే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ డీజిల్ బయటికి రావడం కన్నా గాలి లోపలికి పోవడమే ఎక్కువ. పంపు ముందు పారదర్శక గొట్టం ముక్క తగిలించాను. బుడగలు బారులు తీరాయి. ఫిల్టర్ దగ్గర రబ్బరు గొట్టం క్లిప్పు కింద చిట్లింది. గొట్టం, రెండు క్లిప్పులు మార్చాను. అరగంట పని.

మూడో ఆదివారం

కొబ్బరికాయల లోడుతో రావులపాలెం వెళ్తుంటే ముల్లు మళ్లీ ఎర్రగీత దగ్గరికి వెళ్లింది. ఈసారి లైట్లు వేయలేదు, వేడి నిజమే. రేడియేటర్ మూత ముట్టుకోకుండా గంటసేపు చల్లారనిచ్చాను. 0.9 బార్ ఒత్తిడిని ఆపే ఆ మూత కింద నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. వేడి మీద విప్పితే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖాన కొడతాయి.

సార్వా మాసూళ్ల కాలం. రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా సగంలో మనం వెళ్లాలి. రేడియేటర్ రేకుల మధ్య తాలు, గడ్డిపరకలు, దుమ్ము కలిసి పిడకలా గట్టిపడ్డాయి. ఫ్యాను వైపు నుంచి ముందుకు, మామూలు గొట్టంతో నీళ్లు పెట్టాను. జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి. ముప్పావుగంటకు అవతలి వెలుతురు కనిపించింది. లోపల ఉన్నవి ఉప్పటి బోరు నీళ్లు, రంగు చెరువు బురదే. వాటిని తీసేసి, స్వేదన జలంలో సగానికి సగం కూలెంట్ కలిపి పోశాను.

ఇక మిగిలింది బ్రేకు. తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. ముందు కుడి డ్రమ్ము విప్పితే బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, ఆ చక్రం పట్టడం లేదు. రెండు వైపులకూ సిలిండర్లు తెమ్మని చెప్పాను. అవి వచ్చేదాకా బండి కొట్టం దాటదు.