ఇది చెత్త కాదు, బ్యాటరీ

ఇంగ్లండ్‌లో నేను పనిచేసే కంపెనీలో రాత్రి రెండున్నరకి మాకు బ్రేక్. మొత్తం అరగంట. క్యాంటీన్ దాకా నడవడానికి ఐదు నిమిషాలు, డబ్బా తెరిచి చల్లటి పులిహోర తినడానికి పది, మిగిలిందంతా బయట షెల్టర్ కింద నిలబడి పొగ పీల్చడానికి. 2025 మార్చిలో ఒక రాత్రి నా డిస్పోజబుల్ వేప్, అంటే అయిపోగానే పారేసే ఈ-సిగరెట్, దమ్ము మధ్యలో ఆగిపోయింది. అడుగున లైటు గబగబా మిణుకుమని ఆరిపోయింది. లోపలికి వస్తుంటే అట్టముక్కలు వేసే కేజ్ కనబడింది. అందులో పడేసి నా లైన్ దగ్గరికి వెళ్ళబోయాను.

మా షిఫ్ట్ లీడ్ చూసింది. యాభై దాటిన ఇంగ్లీషావిడ, నోట్లో మాట తక్కువ. నడుము దాకా కేజ్‌లోకి వంగి, అట్టలన్నీ పక్కకి తోసి, నా వేప్ వెతికి తీసింది. నా అరచేతిలో పెట్టి వేళ్ళు తనే మూసింది. "ఇది చెత్త కాదు, మీ డక్. ఇది బ్యాటరీ" అంది. ఆ కేజ్ తిన్నగా అట్టల్ని నొక్కి మోపు కట్టే బేలర్ మెషీన్‌కి పోతుంది. లిథియం బ్యాటరీ అందులో నలిగితే మంట. చుట్టూ కొండల్లా పేర్చిన అట్టపెట్టెలు. ఆవిడ ఫైర్ మార్షల్ కూడా. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. పక్కన ఇద్దరు రొమేనియా కుర్రాళ్ళు మాత్రం చూశారు.

"మీ డక్" (me duck, అంటే నా బాతు) గురించి ఒక మాట. లెస్టర్ చుట్టుపక్కల అందరూ అందరినీ అలాగే పిలుస్తారు. వచ్చిన కొత్తలో నన్ను బాతు అంటున్నారేంటని రెండు రోజులు మనసులో పెట్టుకున్నాను. మన దగ్గర పెద్దవాళ్ళు కొడుకా, బిడ్డా అన్నట్టే అది. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. తిట్టి ఉంటే తిరిగి కోపం తెచ్చుకునేవాణ్ణి.

తెల్లారి ఆరుకి షిఫ్ట్ అయిపోయింది. లటర్‌వర్త్ నుంచి లెస్టర్‌కి కారులో నలుగురం. ముగ్గురూ నిద్రలో, నేనొక్కణ్ణే లోపల్లోపల వాదిస్తూ. పారేయొద్దని నాకా చెప్పేది? మాది కామారెడ్డి జిల్లా. మా ఇంట్లో పాల కవరు కూడా కడిగి ఆరేస్తారు. మా నాన్న టార్చిలైటు నా వయసుది. అమ్మ బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించగా మిగిలిన ముక్కలు కూడా పొద్దున్నే నీళ్ళ పొయ్యిలోకి పోయేవి. పాతిక బీడీలకి ఒక కట్ట, రోజుకి వెయ్యి చుడితే కూలి. నేను హోంవర్క్ చేసుకుంటూ బీడీల మూతులు మడిచేవాణ్ణి. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడికి, పారేయడానికే వస్తువులు తయారుచేసే దేశం వచ్చి పారేయొద్దని చెప్తుందా?

గదికి వెళ్ళి కిచెన్ డ్రాయర్ తెరిచాను. చచ్చిపోయిన వేప్‌లు పదకొండు. ఇంట్లో పారేయబుద్ధి కాక, అమ్మ కవర్లు దాచినట్టే దాచాను. వర్క్‌లో మాత్రం చేతికందిన చోట పడేస్తున్నాను. బీటెక్‌లో ట్రిపుల్ఈ చదివినవాణ్ణి. ఆ డబ్బాలో ఉన్నది మన ఫోన్లో ఉండే రకం సెల్లే, మళ్ళీ మళ్ళీ ఛార్జ్ అయ్యేదే అని నాకు తెలుసు. ఛార్జింగ్ పెట్టుకునే రంధ్రం మాత్రం ఉండదు. లోపలున్న రెండు మిల్లీలీటర్ల నికోటిన్ రసం అయిపోగానే మంచి బ్యాటరీతో సహా సమాధి. ఇక్కడ ఎలక్ట్రికల్ వస్తువుల రీసైక్లింగ్ చూసే మెటీరియల్ ఫోకస్ సంస్థ 2023లో లెక్క వేసింది: వారానికి సుమారు 50 లక్షల వేప్‌లు చెత్తలోకో రోడ్డు మీదికో పోతున్నాయని. ఆ లెక్కలో నావి వారానికి మూడు.

అసలు వేప్ దాకా ఎలా వచ్చానంటే, డబ్బు. ఊళ్ళో అయితే పాన్ డబ్బా దగ్గర ఒక్క సిగరెట్ కొనుక్కుని, వేలాడే తాడు నిప్పుతో అంటించుకుని, గోడ చాటుకి పోతే అయిపోయేది. ఇక్కడ ఇరవైకి తక్కువ పెట్టె అమ్మకూడదని రూలు. పెట్టె పదిహేను పౌండ్లు. రెండు రోజులకి ఒక పెట్టె అనుకున్నా నెలకి రెండొందల పౌండ్లు దాటుతుంది. మా గదిలో నా వాటా అద్దె మూడొందల యాభై. వచ్చిన మూడో నెలలో హౌస్‌మేట్ ఒకడు, గుంటూరు వాడు, "మామా, ఇది ఐదు పౌండ్లే" అని పుచ్చకాయ వాసనొచ్చే డబ్బా చేతిలో పెట్టాడు. అలా మొదలైంది.

షిఫ్ట్ లీడ్ చేతిలో పడ్డ ఆ వారమే ఛార్జ్ పెట్టుకునేది ఏదో ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాను. ఎలాగూ 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుల్స్ అమ్మకం దేశమంతా ఆపేస్తున్నారు. ఇంట్లో సలహాలకి కరువా? గుంటూరోడిది జూన్ దాకా చూద్దాం అనే పార్టీ. వరంగల్ అన్న దగ్గర బాక్స్ మాడ్ అనే ఇటుకంత పెద్ద వేప్ ఉంది. రెండు పెద్ద బ్యాటరీలు, స్క్రీన్, వాట్లు పెంచుకునే బటన్. ఒక్క దమ్ము లాగితే హాలు మొత్తం డిసెంబర్ పొగమంచు. "తమ్మీ, తీసుకుంటే ఇట్లాంటిదే తీసుకోవాలె" అన్నాడు. రెండు రోజులు నిజంగానే దాని మీద మనసు పడింది. బుల్లెట్ బండి చూస్తే కలిగే ఆశ లాంటిది. అవసరానికీ ఆశకీ సంబంధం ఉండదు కదా.

నార్‌బరో రోడ్డు వైపు ఒక చిన్న వేప్ షాపుకి వెళ్ళాను. ధర అడగక ముందే కౌంటర్ వెనకున్న అమ్మాయి నన్నే ఒక ప్రశ్న అడిగింది: నిద్ర లేచాక మొదటి సిగరెట్‌కి ఎన్ని నిమిషాలు? సిగ్గేసింది. ఐదు నిమిషాల లోపే అన్నాను. రోజుకి ఎన్ని? పది. ఎక్కడ తాగుతావు? బ్రేక్‌లో, చలిలో, హడావుడిగా.

అప్పుడు నేను వేలు చూపించిన మాడ్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. సిగరెట్ తాగేవాడు ముందు పొగని నోట్లోకి లాగుతాడు, తర్వాత ఊపిరితిత్తుల్లోకి. పెద్ద మాడ్‌లు అలా కాదు, హుక్కాలా నేరుగా లోపలికి లాగాలి. వాటి కాయిల్, అంటే రసాన్ని వేడిచేసే తీగ, నిరోధం అర ఓమ్ కంటే తక్కువ ఉంటుంది, రసం తెగ తాగుతుంది, అందుకే వాటిలో నికోటిన్ తక్కువదే పోస్తారు. నీకు ఒక ఓమ్ దగ్గర కాయిల్ ఉన్న చిన్న పాడ్ (రసం నింపి, పాడైతే మార్చుకునే తొట్టి) కిట్ చాలు, అందులో 20 మిల్లీగ్రాముల నిక్ సాల్ట్, అంటే నికోటిన్ లవణం కలిపిన రసం, పోసుకో అంది. ఇక్కడ చట్టం ఒప్పుకునే గరిష్ఠం అదే, మిల్లీలీటరుకి 20. నిక్ సాల్ట్ అయితే గొంతు గీరుకోదు, నికోటిన్ త్వరగా అందుతుంది. లవణం కాని మామూలు నికోటిన్ రసం, ఫ్రీబేస్ అంటారు, అదే బలంతో పీల్చి చూశాను తర్వాత. పచ్చిమిరపకాయ పొడిబారిన గొంతులో పెట్టినట్టుంది. తక్కువ బలంలో అయితే ఫర్వాలేదేమో.

అరవై పౌండ్ల వస్తువు అడిగినవాడికి పదహారు పౌండ్లది అమ్మి పంపింది. కోఠిలో అయితే నా కళ్ళలో ఆశ చూసి రేటు ఇంకో పది పెంచేవాళ్ళని బయటికొచ్చి నవ్వుకున్నాను. వెంటనే అది అన్యాయమైన మాట అని కూడా అనిపించింది. మా ఊరి మెడికల్ షాపాయన నాన్నకి ఖరీదు మందు వద్దని చవకది ఇచ్చేవాడు. ఇక్కడ ఒక మంచి మనిషి కనిపిస్తే అక్కడి చెడ్డవాళ్ళే గుర్తొస్తారు, ఇక్కడ ఎవరైనా ముఖం మాడిస్తే అక్కడి మంచివాళ్ళు గుర్తొస్తారు. మూడేళ్ళయినా ఈ తక్కెడ సరిగా నిలబడలేదు.

మొదటి పాడ్ పది నిమిషాల్లో తగలేశాను. కొత్త కాయిల్‌లో దూది పొడిగా ఉంటుంది. రసం నింపాక పది నిమిషాలు ఆగితే అది నానుతుంది. ఆ అమ్మాయి చెప్పింది కూడా. బ్రేక్ అయిపోతోందని ఆగలేదు. మాడిన పాత గుడ్డ రుచి నోట్లోంచి పోవడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత కుదురుకుంది. పడుకునే ముందు ఛార్జింగ్, వారానికి ఒకసారి టిష్యూతో అడుగున తుడవడం, పన్నెండు రోజులకో పాడ్. మామిడి, పుచ్చకాయ లాంటి తియ్యటి రసాలు పోస్తే కాయిల్ వారానికే నల్లబడుతుంది. అందుకే పొగాకు రుచికి మారాను. పొగాకు రుచి అంటారు గానీ దేనికీ అమ్మ చాటలోని తంబాకు వాసన రాదు. పది మిల్లీలీటర్ల సీసా నాలుగు పౌండ్లు, వారానికి సీసాన్నర. పాడ్‌లతో కలిపి నెలకి ముప్పై అయిదు దాటదు. 2026 అక్టోబర్ నుంచి సీసాకి రెండు పౌండ్ల ఇరవై పెన్నీల పన్ను వేస్తామన్నారు. అప్పుడు ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి.

జూన్ 1 వచ్చింది, డిస్పోజబుల్స్ పోయాయి. పోయాయా? అదే రంగు, అదే ఆకారం, అడుగున ఒక ఛార్జింగ్ రంధ్రం, పైన ఊడదీసి మార్చుకునే పాడ్. ధర దాదాపు పాతదే. గుంటూరోడు వాటిని అయిపోగానే పడేస్తున్నాడు. పాడ్‌లు విడిగా దొరుకుతాయి కదరా అంటే, "వెతికే ఓపిక లేదు మామా" అంటాడు. వాడి పాత సరుకు, నా డ్రాయర్లోని పదకొండు కలిపి కవర్లో వేసి షాపుకి తీసుకెళ్తే వాళ్ళే తీసుకున్నారు. పాతవి వెనక్కి తీసుకోవడం అమ్మేవాళ్ళ బాధ్యత ఇక్కడ. పాత సామాన్లవాడిలా బదులుగా ఉల్లిగడ్డలు ఇవ్వలేదు గానీ.

ఒక్క కోపం మాత్రం తగ్గలేదు. వేప్ తాగేవాళ్ళని కూడా సిగరెట్ వాళ్ళ షెల్టర్ కిందే నిలబెడతారు మా కంపెనీలో. సిగరెట్ మానాలని వేప్ పట్టుకుని, పది మంది సిగరెట్ల మధ్య నిలబడి పీల్చాలి. వర్షం పడుతుంటే పక్కకి పోవడానికీ ఉండదు. కల్లు మానేసినవాణ్ణి కల్లు కాంపౌండ్‌లో కూర్చోబెట్టి సోడా ఇచ్చినట్టు. రెండుసార్లు జారాను కూడా, రొమేనియా కుర్రాడు ప్రేమగా ఇస్తే.

అసలు తికమక ఇంకొకటి ఉంది. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వేప్‌లో హాని లేదనదు. సిగరెట్ కంటే చాలా తక్కువ, తాగేవాళ్ళు మానడానికి వాడుకోండి, తాగనివాళ్ళు, పిల్లలు జోలికి పోవద్దు అంటుంది. 2023లో పది లక్షల మంది పొగరాయుళ్ళకి కిట్లు ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. మన దగ్గర 2019లోనే మొత్తం నిషేధం. అమ్మినా, దిగుమతి చేసినా మొదటిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నా జేబులో ఉన్నది శంషాబాద్‌లో దిగితే నేరం. అదే ఎయిర్‌పోర్ట్ బయట ఏ డబ్బాలోనైనా బీడీ కట్ట దొరుకుతుంది. ఇదేం న్యాయం అని మొదట అనుకున్నాను. మళ్ళీ అనలేకపోయాను. అక్క పెళ్ళి, నా బీటెక్ ఆ కట్టల మీదే జరిగాయి. ఇప్పుడు అమ్మకి భుజం లేవదు, దగ్గు. నెలకి 2,016 రూపాయల బీడీ పింఛను వస్తుంది. ఆమె చుట్టిన బీడీలు ఎవరి ఛాతీలోకి పోయాయో నేనెప్పుడూ లెక్క వేయలేదు. పారేసిన బ్యాటరీలు మాత్రం లెక్కపెడుతున్నాను.

వచ్చే నెల చెల్లి పెళ్ళికి వెళ్తున్నాను. మూడు వారాలు. కిట్ ఇక్కడే వదిలేయాలి. వరంగల్ అన్న దాచిపెడతానన్నాడు. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కొనిపెట్టుకున్నాను. పెళ్ళింట్లో, బావల మధ్య, పాన్ డబ్బా పది అడుగుల దూరంలో ఆ గమ్ ఎంతవరకు నిలబెడుతుందో చూడాలి. టెన్షన్‌గానే ఉంది.

మొన్న ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. పట్టుచీరలు ఒక్కొక్కటే కెమెరాకి చూపిస్తోంది. నేను అలవాటుగా చెయ్యి నోటి దాకా తీసుకెళ్ళి, గుర్తొచ్చి దించాను.

"గదేంది కొడుకా చేతుల?"

"ఛార్జర్ అమ్మా."

చీర మడత పెడుతూ నా వైపు చూడకుండానే అంది. "గాడ ఛార్జర్ నోట్ల వెట్టుకుంటరా?"

నెట్‌వర్క్ బాగాలేదన్నాను.