మా రిపోర్టుకు వేసిన మూడు కొర్రీలు

మొత్తానికి నిన్న డబ్బు పడింది. నగర శివార్లలో కొన్ని రోడ్ల స్థితిని పరీక్షించి రిపోర్టు ఇచ్చే పని అది. పని ఇచ్చింది ఒక ప్రభుత్వ సంస్థ, చేసింది మా చిన్న కన్సల్టెన్సీ. సంస్థ పేరు రాయను, రేపు మళ్ళీ అక్కడే టెండరు వేయాలి. కానీ జరిగింది మాత్రం మర్చిపోకముందే రాసి పెట్టాలనిపించింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న సివిల్ ఇంజినీర్లకు, ముఖ్యంగా అమ్మాయిలకు, పనికొస్తుంది.

టెండరు దశ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పోర్టల్‌లో కాగితాలు ఎక్కించాం, ఈఎండీ (టెండరు ధరావతు) కట్టాం, టెక్నికల్ మార్కులూ ధరా కలిపి చూసి మాకు ఇచ్చారు. అగ్రిమెంటు కూడా సాఫీగానే అయింది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఇలాంటి పనులకు అంచనా కంటే బాగా తక్కువకు కోట్ చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ధరకు పరీక్షకు కావాల్సిన లారీ అద్దె కూడా గిట్టదు. అంటే రీడింగులు ఆఫీసులో కూర్చుని వండుతారన్నమాట. ఆ వండిన అంకెల మీద ఎవరో డిజైన్ చేస్తారు, ఎవరో రోడ్డు వేస్తారు, రెండో వానాకాలానికి అది లేచిపోతుంది. తిట్లు మాత్రం రోడ్డు వేసినవాడికి పడతాయి.

పనిలో మొదటి భాగం కళ్ళతో చూసి, టేపుతో కొలిచి రాసుకునేది. పగుళ్ళు ఎంత శాతం, గుంతలెన్ని, కంకర ఎక్కడ లేచింది, చక్రాల దారిలో గాడి ఎంత లోతు పడింది, అతుకులు ఎక్కడెక్కడ వేశారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 82 కోడ్ 2015 సవరణ ప్రకారం వీటన్నిటినీ కలిపి 3 మార్కుల స్కేలు మీద లెక్క వేయాలి. 2 దాటితే బాగున్నట్టు, 1కి కిందికి పోతే పాడైనట్టు. దీనికి ఓపిక, గొడుగు, మంచినీళ్ళు ఉంటే చాలు.

రెండో భాగం రోడ్డు బలం కొలవడం. ఇప్పుడు పెద్ద పనులకు బరువును పడేసి కొలిచే ఎఫ్‌డబ్ల్యూడీ యంత్రం వాడుతున్నారు, దానికి 2014లో ఐఆర్‌సీ 115 కూడా వచ్చింది. మా అగ్రిమెంటులో మాత్రం పాత బెంకెల్‌మన్ బీమ్ అనే రాశారు. 1950ల మొదట్లో అమెరికాలో బెంకెల్‌మన్ అనే ఇంజినీరు తయారు చేసిన పరికరం అది. 3.66 మీటర్ల పొడవున్న బీమ్, వెనకవైపు ఒక డయల్ గేజ్, అంతే. లోడు వేసిన లారీ వెనక జంట చక్రాల మధ్యలో దాని మొన పెడతాం. లారీ మెల్లగా ముందుకు వెళ్తుంటే, బరువుకు అణిగిన రోడ్డు మళ్ళీ పైకి లేస్తుంది. ఆ లేవడం ఎంతో డయల్ చెబుతుంది. 2.7 మీటర్ల దగ్గర ఒకసారి, 9 మీటర్ల దగ్గర ఒకసారి లారీని ఆపి రీడింగు తీసుకోవాలి. లారీ కదలకముందు తీసిన మొదటి రీడింగుకూ చివరి రీడింగుకూ ఉన్న తేడాను రెండింతలు చేస్తే రోడ్డు ఎంత కుంగిందో తెలుస్తుంది. ఎక్కువ కుంగితే కింద బలం లేనట్టు.

ఇక్కడ లారీయే ముఖ్యం. వెనక ఇరుసు మీద కచ్చితంగా 8,170 కిలోలు పడాలి, టైర్లలో గాలి చదరపు సెంటీమీటరుకు 5.6 కిలోలు ఉండాలి. ఆటోనగర్‌లో ఒక టిప్పరు మాట్లాడుకుని, కంకర నింపించి, ధర్మకాంటా మీద వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయించాం. ఎక్కువైతే దింపడం, తక్కువైతే ఎక్కించడం. డ్రైవరన్న విసిగిపోయాడు. "మేడమ్, ఇంకో రెండు టన్నులు ఎక్కిస్త అంటే వద్దంటరు. నాలుగు తట్టలు తక్కువైతే మళ్ల కాంటా అంటరు. ఏం పని ఇది?" అన్నాడు. బీమ్ చూపించి చెప్పాక మాత్రం అతనే మా టీమ్‌లో అందరికంటే జాగ్రత్తగా బండి కదిపాడు. తూకం చీటీ మీద వెనక ఇరుసు బరువు విడిగా రాయించుకోండి. మొత్తం బండి బరువున్న చీటీ ఎవరికీ పనికిరాదు.

ట్రాఫిక్ పోలీసుల అనుమతి నేను భయపడినంత కష్టం కాలేదు. ఆదివారం పొద్దున్నే చేసుకోమన్నారు. రోడ్డులో 45 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేసి, అందులో గ్లిజరిన్ పోసి, థర్మామీటరు పెట్టి వేడి చూడటం, రోడ్డు అంచున గుంట తవ్వి కింద మట్టి నమూనా తీయడం, ఇవన్నీ కోడ్‌లో చెప్పినట్టే జరిగాయి. ప్రమాణం 35 డిగ్రీలు. దానికి ఎక్కువ తక్కువలున్న ప్రతి డిగ్రీకీ 0.01 మిల్లీమీటరు సరిచేయాలి. వానలు తగ్గిన వెంటనే చేశాం, ఎందుకంటే కింద మట్టి అప్పుడే అన్నిటికంటే మెత్తగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఆ రోడ్లలో ఒకటి పాత చెరువు దిగువ నుంచి పోతుంది. కింద నల్లమట్టి. దానికితోడు ఒక పక్కగా పైపులైను కోసం తవ్వి పూడ్చారు. అక్కడ రీడింగులు ఒక్కసారిగా పెరిగాయి. పక్క భాగంలో 0.8 మిల్లీమీటర్లు ఉంటే ఇక్కడ 2.4 దాకా పోయింది. ఈ బీమ్ పరీక్షకున్న కోడ్ ఐఆర్‌సీ 81 ఇలాంటి చోట ఏం చేయాలో స్పష్టంగా చెబుతుంది. పది పాయింట్లలో ఏదైనా ఒకటి సగటు కంటే మూడో వంతుకు మించి ఎక్కువో తక్కువో వస్తే, దానికి ఇటూ అటూ 25 మీటర్ల దూరంలో అదనంగా కొలవాలి. కొలిచాం. అవీ అలాగే వచ్చాయి. రోడ్డు అంచు గుంటలో చూస్తే కంకర పొర ఉండాల్సిన చోట ఇటుక ముక్కలు, మట్టి పెళ్ళలు. ఫోటోలు తీశాం, రాశాం. పైన డాంబరు వేసినా లాభం లేదు, ఆ భాగం తవ్వి కింది పొరల నుంచి మళ్ళీ వేయాలని రిపోర్టులో పెట్టాం.

రిపోర్టు ఇచ్చిన తరువాత, రివ్యూ మీటింగుకు ముందు, ఆ రోడ్డు మీద ఎవరో పెద్దమనిషి పర్యటన ఉందని రాత్రికి రాత్రి పలుచగా ఒక డాంబరు పొర పరిచేశారు. మాకు ఎవరూ చెప్పలేదు.

మీటింగులో పై అధికారి, ఆయన కింద ఇంజినీర్లు, ఇతర పనుల కాంట్రాక్టర్లు, మా జూనియర్లు ఇద్దరు ఉన్నారు. ఆయన మా రిపోర్టు మధ్య పేజీ తెరిచి, ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. నల్లగా మెరుస్తున్న రోడ్డు.

"అమ్మా, ఈ రోడ్డు మీద మీరు ఎప్పుడైనా నిలబడ్డారా?"

"సర్వే అంతా నేను దగ్గరుండి చేయించాను సార్."

"అయితే ఇందులో పగుళ్ళు చూపించండి. నిన్న తీసిన ఫోటో ఇది."

సర్వే తేదీ చెప్పబోయాను. చెప్పనివ్వలేదు. "ఇంట్లో వంట చేసినట్టు అంకెలు వండి తెస్తే కుదరదమ్మా. మీ సార్ ఎవరైనా ఉంటే పంపించండి, మాట్లాడతాను" అన్నారు. కాంట్రాక్టర్లు నవ్వారు. మా జూనియర్ అమ్మాయి తల దించుకుంది. సార్ ఎవరూ లేరు, సంస్థ నాదే. అది చెప్పడానికి కూడా నాకు గొంతు రాలేదు. వండిన రీడింగుల మీద జీవితమంతా కోపం పెట్టుకున్న మనిషిని, ఆ మాటే నా ముఖాన అంటే ఎలా ఉంటుంది? ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

తరువాత కొర్రీలతో ఫైలు వెనక్కి వచ్చింది. మూడు కొర్రీలు. మొదటిది, రిపోర్టులో ఫోటోలకూ ఇప్పటి రోడ్డుకూ పొంతన లేదు. రెండోది, అగ్రిమెంటులో చెప్పిన పాయింట్ల కంటే ఎక్కువ చోట్ల కొలిచి, కావాలనే చెడ్డ చోట్లు ఎంచుకున్నారు. మూడోది అన్నిటికంటే అన్యాయం. కొత్త పొర పడ్డాక వాళ్ళే రోడ్డు ఎగుడుదిగుడులు కొలిచే బంప్ ఇంటిగ్రేటర్ బండి తిప్పించారట, కిలోమీటరుకు 2,000 మిల్లీమీటర్ల లోపే వచ్చిందట. అంటే రోడ్డు 'బాగుంది' కదా, మీరు 'బలహీనం' అని ఎలా రాశారు? సవరించి ఇవ్వకపోతే ఆలస్యానికి జరిమానా కోస్తామని చివరి వాక్యం.

రోడ్ల ఇంజినీరు సంతకంతో ఆ మూడో ప్రశ్న రావడం నన్ను నిజంగా బాధపెట్టింది. బంప్ ఇంటిగ్రేటర్ చెప్పేది ప్రయాణం ఎంత నున్నగా ఉందో. కింద ఎంత బలం ఉందో దానికి తెలియదు. కొత్తగా పలుచటి పొర వేసిన ఏ రోడ్డయినా నున్నగానే ఉంటుంది. గోడ లోపల చెమ్మ ఉండగా పైన సున్నం కొట్టినట్టు. బలం తెలియాలంటే కుంగుబాటే కొలవాలి. రెండు పరీక్షలు రెండు వేరు ప్రశ్నలకు జవాబులు, అందుకే వాటికి రెండు వేరు కోడ్‌లు.

నాకు తెలిసినవాళ్ళు కొందరు సవరించి ఇచ్చెయ్యమన్నారు. "రోడ్డు నీదా? డబ్బు తీసుకుని బయటపడు." సవరించలేదు. ఇది గొప్ప కోసం చెబుతున్నానని అనుకున్నా పర్వాలేదు. ఆ రోడ్డు మీద రెండు స్కూలు బస్సులు తిరుగుతాయి, నేను చూశాను.

మమ్మల్ని కాపాడింది ఫీల్డు బుక్. ప్రతి రోజూ సాయంత్రం ఆ సంస్థ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారి చేత ప్రతి పేజీ మీద తేదీతో సంతకం పెట్టించాను. ఆయన మొదట విసుక్కున్నా పెట్టారు. గుంట తవ్వినప్పుడు కూడా ఆయన అక్కడే ఉన్నారు, ఆ పేజీ మీదా సంతకం ఉంది. ఫోటోలన్నీ చైనేజీ బోర్డు (రోడ్డు మీద దూరం రాసిన పలక) కనబడేలా, తేదీ పడేలా తీసినవే. జవాబుతో పాటు ఆ పేజీల జిరాక్సులు, కోడ్‌లో 25 మీటర్ల నిబంధన ఉన్న పేజీ జత చేసి, మీ సమక్షంలోనే మళ్ళీ కొలుద్దాం రమ్మని రాశాను. ఒక నకలు వాళ్ళ క్వాలిటీ కంట్రోల్ విభాగానికి కూడా పంపాను. ఆ నకలు పంపకపోతే నా ఉత్తరం ఇప్పటికీ ఏదో బల్ల సొరుగులోనే ఉండేది.

జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు వాళ్ళ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) గారు వచ్చారు. మర్యాదస్తుడు. అదే టిప్పరు, అదే డ్రైవరన్న, కొత్త తూకం చీటీ. డయల్ నేను ముట్టుకోనని, వాళ్ళ ఏఈ గారే చదవాలని చెప్పాను. బాగున్న భాగంలో ముల్లు కొద్దిగా కదిలి ఆగింది. పూడ్చిన పైపులైను మీదకు వచ్చేసరికి లారీ కదులుతున్నకొద్దీ ముల్లు తిరుగుతూనే ఉంది. లెక్క వేస్తే 2.2 మిల్లీమీటర్లు. అంత డాంబరు పరిచినా తగ్గింది 0.2. ఈఈ గారు ఇంకో రెండు చోట్ల తానే వంగి చూశారు. "ఇది తవ్వాల్సిందే" అన్నారు. ఏఈ గారు ఏమీ అనలేదు, రాసుకున్నారు.

రిపోర్టులో అంకెలు, సిఫారసు మారకుండానే ఆమోదం వచ్చింది. సర్వే తేదీనాటి స్థితి అని ఒక వాక్యం, తరువాత పడిన పొర గురించి ఒక అనుబంధం చేర్చాం. పై అధికారి నుంచి ఒక్క మాట కూడా రాలేదు. నేను ఎదురుచూశాను, అబద్ధం చెప్పను.

ఆ తరువాత అకౌంట్స్ సెక్షన్. దాని గురించి ఎక్కువ రాస్తే నాకే బీపీ పెరుగుతుంది. ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. రిపోర్టు ఇవ్వగానే ఇన్వాయిస్ ఇమ్మని తొందరపెట్టారు, ఇచ్చాం. ఇన్వాయిస్ వేశాక 18 శాతం జీఎస్టీ ఆ నెల రిటర్న్‌లోనే చూపించి కట్టాలి. సంస్థ మాకు పైసా ఇవ్వకముందే మా ఓవర్‌డ్రాఫ్ట్ నుంచి కట్టాం, వడ్డీ మాది. ముందు ఆమోదం లెటరు, తరువాతే ఇన్వాయిస్ అని వచ్చే అగ్రిమెంటులోనే తేల్చుకుంటాను. రిపోర్టు ఇచ్చాక ఎన్ని రోజుల్లో అభ్యంతరం చెప్పాలి, చెప్పకపోతే ఆమోదించినట్టేనా అన్నది టెండరు వేయకముందు పెట్టే ప్రీబిడ్ మీటింగులోనే రాతపూర్వకంగా అడగండి. మా అగ్రిమెంటులో 'ఆమోదం తరువాత చెల్లింపు' అని ఉంది తప్ప ఆమోదం ఎప్పటిలోగా అని లేదు. అంత చిక్కూ అక్కడే ఉంది.

ఆలస్యపు జరిమానా పూర్తిగా ఎత్తేయలేదు, కొంత కోశారు. దాని మీద అప్పీలు పెట్టాను. పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ (పని సరిగా చేస్తామని ఇచ్చిన హామీ సొమ్ము) ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, విడుదల చేయమని రాసిన లెటరు సోమవారం ఇన్‌వర్డ్‌లో ఇస్తాను. ఆ పైపులైను భాగం తవ్వి కట్టే పనికి అంచనాలు తయారవుతున్నాయని ఏఈ గారే ఫోన్ చేసి చెప్పారు, మా గుంట వివరాలు మళ్ళీ ఒకసారి పంపమన్నారు. పంపాను.