తొమ్మిది పాయింట్ ఒకటి

ఇవాళ స్కానింగ్. 34వ వారం. రెండు వారాల కిందట ఉమ్మనీరు 7.4 అని రిపోర్టు వచ్చిన మర్నాడే అమ్మ రాజమండ్రిలో మా ఇంట్లో దిగిపోయింది. అప్పటి నుంచి గంటకోసారి చెంబుతో నా ఎదుట ప్రత్యక్షం. మజ్జిగ, సబ్జా నీళ్ళు, ఉత్త నీళ్ళు. రాత్రి నాలుగుసార్లు లేవడం నా వంతు, తెల్లారాక లెక్క అడగడం ఆవిడ వంతు.

సెంటర్లో ఎప్పటిలాగే ముందు ఫారం-ఎఫ్. పుట్టబోయేది ఆడో మగో తెలుసుకోవాలని లేదని సంతకం పెట్టి గంటన్నర కూర్చున్నాం.

ఈసారి టెన్షన్ ఆపుకోలేక, ఎలా కొలుస్తారని డాక్టరమ్మనే అడిగేశాను. బొడ్డు మీదుగా అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీసినట్టు పొట్టని నాలుగు భాగాలు అనుకుంటారట. ఒక్కో భాగంలో బిడ్డ కాళ్ళూ చేతులూ, బొడ్డుతాడూ అడ్డులేని చోట నీరు ఎన్ని సెంటీమీటర్ల లోతుందో చూసి, నాలుగూ కూడతారు. తెర మీద నల్లగా ఉన్నదే నీరు. 2.1 వచ్చింది. 3.0 వచ్చింది. మూడోది 1.5 దగ్గర ఉండగా లోపలివాళ్ళు కాలు చాపారు, ఆ నలుపు కాస్తా మాయం. "ఆగు బుజ్జీ" అందావిడ. (బుజ్జి అంటే ఎవరైనా కావచ్చు. అమ్మ వింటే మాత్రం అందులోంచి కూడా ఏదో లాగేది.) కాసేపాగి మళ్ళీ కొలిస్తే అదే చోట 2.4!

అంటే నాకు పద్నాలుగు రాత్రులు నిద్ర లేకుండా చేసిన ఆ 7.4 కూడా, ఏ మోకాలో ఎక్కడో ఉన్న నిమిషంలో పుట్టిందే కదా. నాలుగోది 1.6. మొత్తం 9.1.

"5 కంటే తగ్గితే తక్కువంటాం, 24, 25 దాటితే ఎక్కువంటాం. నీది పర్లేదమ్మా. కదలికలు తగ్గినట్టనిపిస్తే మాత్రం ఆగకుండా వచ్చెయ్" అంది.

బయటికొచ్చి చెప్పగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "చూశావా, నా చెంబు మహిమ!" నీళ్ళు బాగా తాగితే కొంత పెరుగుతుందంటారు కాబట్టి కాదనలేకపోయాను. కానీ ఊరుకోబుద్ధి కాక, ఈ నెలల్లో ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ పోసిన ఉచ్చేననీ, దాన్నే మళ్ళీ మింగుతుందనీ ఆటోలో చెప్పాను.

"ఛీ, నోర్ముయ్యవే, ఆ అబ్బాయి వింటున్నాడు!"

దేవీచౌక్ దాకా ఏమీ మాట్లాడలేదు. అక్కడ బొండాల బండి కనిపించగానే ఆటో ఆపించింది.