సీసాలో దొరికిన నిద్ర

నన్ను తాగుబోతు అని ఎవ్వరనలే. మందు ముట్టేటోణ్ని కాదు, ఒట్టి కల్లే. మా నిజామాబాద్ దిక్కు కల్లును తాగుడు కింద ఎవరు లెక్కపెడతరు? దావతైనా దినమైనా సీసా లేవాల్సిందే. పొద్దంతా బీడీలు చుట్టిన మా అత్తమ్మ కూడా మాపటికి ఒకటి తాగేది.

2013ల షార్జా నుంచి అప్పుతోని వాపస్ వచ్చిన. కండ్లు మూస్తే ఏజెంటుకు కట్టిన పైసలు, మిత్తి. కునుకు లేదు. బతకబుద్ధి కాకపోయేది. ఎవలకూ చెప్పలే. కల్లు డిపోల రెండు సీసాలు తాగిన నాడు మాత్రం పీనుగ లెక్క పడుకున్న. రెండు నాలుగైనయి, నాలుగు ఎనిమిదైనయి.

2015 సెప్టెంబర్‌ల కల్తీ కల్లు మీద సర్కారు దాడులు చేసింది. డిపోలు బంద్. పోనీ, మంచిదే అనుకున్న.

మూడో రాత్రి చాయ్ గిలాస చేతిల నిలువలే. దూలం మీద మా నాయిన కూసోని నీళ్లడుగుతున్నడు. ఆయన సచ్చిపోయి ఆరేండ్లు. నీళ్లు తెస్త అని బాయి దిక్కు ఉరికిన. నా భార్య గుంజుకొచ్చి లోపలేసి, తలుపుకు వీపు ఆనించి తెల్లారేదాక కూసున్నది. బిడ్డను సూసి "ఎవలదీ పోరి" అన్ననట. అది నాకు యాదికి లేదు, బిడ్డకున్నది. తెల్లారంగ ఫిట్స్ వచ్చినయి, నాలుక కొరుక్కున్న. గాలి సోకిందని పక్కింటోళ్లు తాయెత్తు కట్టిన్రు.

దవాఖానల నా అసొంటోళ్లే. మంచాలకు తువ్వాలలతోని కట్టేసిన్రు. తెల్లకోటాయన ఒకడు నవ్వుకుంట, "వీళ్లకు మందులెందుకు, రెండు సీసాలు పోస్తే లేసి కూసుంటరు" అన్నడు. అది విని నా భార్య నిజంగనే కల్లు కోసం ఊరంత తిరిగింది. ఆ నవ్వును నేను మాఫ్ చెయ్య.

మరుసటి రోజు వచ్చిన చిన్న డాక్టరమ్మ మంచం పక్కన కూసున్నది. "అన్నా, నువ్వు తాగింది కల్లు కాదు, అల్ప్రాజోలం. నిద్రగోలీల పొడి. ఒక్కసారే ఆపితే మెదడు తట్టుకోదు" అన్నది. తర్వాత, "అసలు నిద్రెందుకు పట్టకపోయేది?" అనడిగింది. రెండేండ్లల ఆ మాట అడిగినోళ్లు లేరు. పోరగాని లెక్క ఏడ్చిన.

దవాఖానల ఇచ్చిన గోలీ కొంచెం కొంచెం తగ్గించుకుంట నెలలు పట్టింది. మనాది కోసం ఇంకో గోలీ ఏడాదిన్నర మింగిన. ఊర్ల ఉన్న తాటిచెట్లెన్ని, డిపోల లేసే సీసాలెన్ని అని అడగాల్సినోళ్లు అడిగితే నాకీ గతి పట్టకపోవు. పొడి కలిపినాయన ఇప్పటికీ పెండ్లిళ్లల్ల ముందటి కుర్చీలనే కూసుంటడు.

ఇంట్ల ఎవరైనా రోజూ తాగేటోళ్లుంటే కట్టేసి మాన్పియ్యకుండ్రి, డాక్టరుకు సూపెట్టి మెల్లగ ఆపుండ్రి. ఇప్పుడు మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులనే మాట్లాడుతరు, పైసలేం తీసుకోరు. అప్పుడది లేదు. నా భార్య బడాపహాడ్ దర్గాకు మొక్కుకున్నది, పోయి తీర్చినం. గోలీతోని తగ్గిందా, మొక్కుతోనా అని ఆమెతోని వాదన పెట్టుకోను.

మాపటికి డిపో ముంగట ఆటో స్పీడు పెంచుత. "మెల్లగ పో నాయినా" అంటది ఎనక కూసున్న నా బిడ్డ.