జంపుతున్నా!

మా చిన్నదానికి రెండున్నరేళ్ళు. వాళ్ళ నాన్నను "ఏవండీ" అని పిలుస్తుంది. నేను పిలిచేది అదే కదా మరి. వాళ్ళ అన్నేమో బడి నుంచి తెచ్చుకున్న "డాడీ" తప్ప ఇంకో మాట అనడు. చుట్టాల పిల్లలు నలుగురు చుట్టూ ఉంటే ఎవరిని ఏమనాలో విని పట్టేస్తారు. ఈ పరాయి దేశంలో దానికి దొరికే తెలుగంతా మా ఇద్దరి నోటి నుంచి వచ్చిందే. అందుకే మా గుట్టంతా దాని మాటల్లో బయటపడుతుంది. బొమ్మ ఫోను చెవికి పెట్టుకుని "ఒరేయ్, చెప్పరా" అంటుంది. వెతికే వస్తువు కనపడకపోతే నడుం మీద చేయి వేసుకుని "అబ్బబ్బ, ఈ ఇంట్లో ఏదీ ఉండదు" అంటుంది. అది ఎవరి డైలాగో చెప్పక్కర్లేదు.

చేతులు చాచి "ఎత్తుకోనా?" అని అడుగుతుంది. అంటే తనని ఎత్తుకోమని. "నీకు నీళ్ళు కావాలా?" అంటే దానికి దాహం వేసిందన్నమాట. మాట్లాడే మనిషిని బట్టి నేను, నువ్వు తారుమారవుతాయన్న లెక్క చాలామంది పిల్లలకు మూడేళ్ళ వయసుకి గానీ కుదరదు. ళ, ర లాంటివి పలకడానికి ఇంకా టైం పడుతుంది. నిద్ర లేచి కళ్ళు నులుముకుంటూ "అమ్మా, కల్లు!" అని వచ్చే పిల్లను చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు!

కాళ్ళని "కాలులు" అంటుంది. ఈ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, ఎక్కడా విని ఉండదు. కాలుకి 'లు' చేర్చి తనే తయారు చేసుకుంది. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఒక ఉత్తుత్తి జంతువు బొమ్మ చూపించి, దీని పేరు 'వగ్', ఇవి రెండుంటే ఏమంటారని పిల్లలను అడిగింది. ఎన్నడూ వినని ఆ పేరుకి కూడా చాలామంది పిల్లలు చక్కగా బహువచనం తగిలించారు. రెండు భాషల పిల్లలకు ఇలాంటి సరుకు ఇంకాస్త ఎక్కువ దొరుకుతుంది. మావాడు చిన్నప్పుడు "షూస్‌లు" అనేవాడు (ఇది మనమూ అంటాం, ఒప్పుకోం). చిన్నది సోఫా ఎక్కి "అమ్మమ్మా, జంపుతున్నా!" అని అరిచింది. ఫోన్లో అవతల అమ్మకి అది "చంపుతున్నా" అని వినపడింది. "ఎవర్నే?" అని అమ్మ కంగారు.

మాటలు ఆలస్యమేమోనన్న టెన్షన్ ఇలాంటి ఇళ్ళలో మామూలే. రెండేళ్ళకు యాభై మాటలైనా రావాలి, రెండు మాటలు కలిపి అనాలి అని చెకప్‌లో అడుగుతారు. అప్పుడు ఇంగ్లీషు మాటలు మాత్రమే లెక్కపెడితే ఎలా? బువ్వ, లాల, బజ్జో, అన్నీ కలిపి చెప్పాలి. డేకేర్‌లో చేర్పించేటప్పుడు వీటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టి ఇచ్చాం. 'ఉచ్చ' అన్న మాట అక్కడివాళ్ళకు తెలియకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. ఇప్పుడు అక్కడి టీచర్ బొమ్మలు సర్దేటప్పుడు తన యాసలో "అయిపోయింది" అంటుంది. మిగతా పిల్లలూ వంత పాడతారు.

నాకు చిరాకు తెప్పించేది వేరే ఉంది. వీడియో కాల్‌లో నలుగురు చుట్టాలు చేరి, "ఏదీ, మళ్ళీ అనమ్మా" అంటూ పిల్లతో కాలులు, కల్లు అనిపించి పగలబడి నవ్వడం. ముద్దుకే నవ్వుతారు, నాకు తెలుసు. నాలుగేళ్ళ పిల్లాడికి తెలియదు. మా పెద్దాడు అలాంటి రెండు మూడు కాల్స్ తర్వాత ఫోన్ చూస్తే ఇంగ్లీషులోకి దిగిపోయేవాడు. అందులో ఎవరూ నవ్వరు కదా! పిల్లలకు తెలుగు రావడం లేదని బాధపడేదీ ఆ చుట్టాలే. తప్పు దిద్దడానికి వేరే దారి ఉంది. "కాలులు తడిసాయి" అని అది అంటే, "అయ్యో, కాళ్ళు తడిసాయా? తుడుచుకుందాం రా" అంటాను, అంతే. సరైన మాట చెవిన పడుతుంది, దాని కబురూ ఆగదు.

ఇదంతా చెప్పాక అమ్మ మారింది. ఇప్పుడు "మళ్ళీ అను" అనదు, "ఇవాళ ఏం ఆడావు?" అని అడుగుతుంది. దాంతో కొత్త చిక్కు వచ్చింది. చిన్నదానికి జరిగిపోయిందంతా "నిన్న"నే. "నిన్న పడ్డా, రక్తం వచ్చింది" అని చెప్పి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక్కడ అర్ధరాత్రి వేళ అమ్మ ఫోన్. ఎన్ని కుట్లు పడ్డాయి, నాకెందుకు చెప్పలేదు అని ఒకటే గొడవ. అది పడింది పోయిన వేసవిలో. మోకాలు గీరుకుపోయిందంతే.