30 ఎమ్మెల్ గీత

పాపకి ఇవాళ 19వ రోజు. రాత్రి రెండు దాటింది. ఒళ్ళో ఇంకా చీకుతూనే ఉంది, పక్కలో వేస్తే లేస్తుంది. ఒంటిచేత్తో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

సాయంత్రం పెద్దత్తగారొచ్చారు. ఆవిడ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పులు విప్పకముందే "పాలు పడ్డాయా?" అంతలో పాప ఏడుపు. "అదిగో, చాలట్లేదు. డబ్బా పట్టండి, హాయిగా పడుకుంటుంది." అమ్మ ఊరుకోవచ్చుగా! నేను పంపుతో తీసిన పాల సీసా తెచ్చి చూపించింది. 30 ఎమ్మెల్ గీత దగ్గరున్నాయి పాలు. పెద్దత్తగారు సీసాని లైటుకెత్తి మరీ చూశారు.

మిషన్‌కి వచ్చినన్నే బిడ్డకీ వస్తాయని కాదు. అయిదో రోజు దాటాక రోజుకి ఆరు గుడ్డలైనా తడుపుతూ, బరువు పెరుగుతుంటే చాలు. నిన్న ఎనిమిది తడిపింది మా పిల్ల. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నాలుగో రోజుకి 2.7, పద్నాలుగో రోజుకి 2.95. సాయంత్రాలు అస్తమానం అడగడం ఈ వయసులో మామూలే. ఎంత తాగితే అంత ఊరతాయి, మధ్యలో డబ్బా దూరిస్తే ఊరేది తగ్గుతుంది. ఇదంతా ఆవిడకి చెప్పానా? తలొంచుకు కూర్చున్నా. రొమ్ము పట్టించినా చాలాసేపు పాలు దిగలేదు.

నాయనమ్మ గేదె గుర్తొచ్చింది. దూడని కాసేపు తాగనిచ్చి, చేపుకొచ్చి పాలు దిగాక పొదుగు కడిగి చెంబు పెట్టేది. మొదట ధార చుయ్ మని చెంబు అడుగుకి తగిలేది, నురగ పట్టాక చప్పుడు మెత్తబడేది. కొత్త మనిషి దొడ్లోకొస్తే చేపేది కాదు ఆ గేదె. ఓసారి సెలవులకెళ్ళి, ఎర్ర గౌనేసుకుని తలుపు దగ్గర నిలబడ్డానని, "పోవే అవతలికి" అని చెంబు పక్కన పెట్టి మరీ తరిమింది. ఆ రోజు ఎంత ఏడ్చానో.

అసలు కోపం పెద్దత్తగారి మీద కాదేమో. ఆవిడ వెల్లుల్లి ఒలిచి, నేతిలో వేయించి, కారం కొట్టి తెచ్చారు. దానికి పాలు పడతాయో లేదో గానీ, రాత్రి మూడు ముద్దలు ఎక్కువే తిన్నా. కోపం అమ్మ మీద. సీసా ఎందుకు చూపించాలి?

నేను మూడో నెలకే డబ్బాకి మారానట. "నాకు పడలేదే" అంటుంది అమ్మ ఇప్పటికీ. ఆ రోజుల్లో తనకి గుడ్డలు లెక్కపెట్టమని ఎవరైనా చెప్పారో లేదో, రేపు అడగాలి. వద్దులే, అడగను.

ఆగండి, రెండో వైపు నైటీ తడిసిపోతోంది. గుడ్డ ఎక్కడ పెట్టానో.